హాస్యభయానకముల పొత్తు: తెలుగున ప్రళయకథ

హాస్యమునకు భయానకము పగయని సాహిత్యదర్పణకారుడు తీర్పు చెప్పెను. కరుణమును దానికి పగయే. విశ్వనాథుని యీ పట్టికను విద్యార్థులు నేటికిని వల్లెవేయుచున్నారు. దీనిని అక్షరశః గ్రహించినచో, లోకము మునుగుచుండగా సామాన్యజనము చేయు పనులను నవ్వు పుట్టునట్లు చెప్పెడి కథకు రసవిచారమున చోటు దొరకదు. మునుగువానిని చూచి నవ్వుట సహృదయుని పని కాదు; మునుగుచు తానే నవ్వుట ఉన్మాదమనబడును. అయినను అట్టి కథలు గడచిన నూఱేండ్లలో పెక్కు భాషలందు పుట్టినవి. వానిలో కొన్ని యుత్తమ నవలలుగ గణనకెక్కినవి. తెలుగునందును ఆ జాడ లేకపోలేదు. పద్యమున నొకచో, చలచ్చిత్రమున నొకచో, జనుల నోటిమాటలలో నెల్లెడలను అది కానవచ్చును. శాస్త్రము త్రోసిపుచ్చినదానిని లోకమేల పట్టుకొన్నదో, పట్టుకొన్నదానిని తెలుగువారెంతవఱకు నడపిరో విచారింపదగియున్నది.

ఆనందవర్ధనుడు విశ్వనాథునకు చాల పూర్వుడు, అతనికంటె ఉదారుడును. ధ్వన్యాలోకపు తృతీయోద్ద్యోతమున అతడు విరుద్ధరసములను ఒక్క కావ్యమున నిముడ్చుటకు ఉపాయములు చెప్పెను. ఒకే యాశ్రయమున ఇమడని రసములను వేర్వేఱు ఆశ్రయములందు నిలుపవచ్చును. వెనువెంట వచ్చినచో పొసగనివానికి నడుమ మూడవ రసమును తెచ్చి పెట్టవచ్చును. నాగానందమున శాంతశృంగారముల నడుమ అద్భుతము వచ్చుట దీనికి ఉదాహరణము. ఒకదానిని అంగిగ నిలిపి రెండవదానిని అంగముగ చేయవచ్చును. ప్రళయకథకు మొదటి యుపాయము చేతికంది యున్నట్లే తోచును. భయము పాత్రలది, నవ్వు చదువరిది. శాస్త్రమున ఆశ్రయమన పాత్రయేగాని చదువరి కాడు. దానిని చదువరివఱకు సాగదీయుట కొంత సాహసమే. అయినను ఈ సాగదీతవలన ఒక ప్రయోజనము కలదు. హాస్యభయానకములు వేర్వేఱు ఆశ్రయములందే తుదివఱకు నిలిచిన కథ వట్టి పరిహాసమగును: అజ్ఞాని వెఱచును, ప్రాజ్ఞుడు నవ్వును. ఈ రెండును క్రమముగ ఒకే యెదలోనికి దిగినపుడు మాత్రమే కథ వేఱొక జాతికి చెందును. నవ్విన చదువరి, ఆ నవ్వు పెదవిపై నుండగనే, తానును అదే నీటిలో నిలిచియున్నట్లు గుర్తించును. ప్రళయహాస్యమని దేనినైన పిలువవలసినచో ఈ రెండవ జాతినే పిలువవలెను. ఏ కథ ఏ జాతిదో తేల్చుటకు ఒక్క ప్రశ్న చాలును: అందు నవ్వబడువాడెవడు?

ఈ జాతి పాశ్చాత్యులనుండి వచ్చిన దని తలచువారు మౌసలపర్వమును మఱల చదువదగును. యదుకుల ప్రళయము ఒక వేళాకోళముతో మొదలగుచున్నది. యాదవకుమారులు సాంబునకు ఆడువేషము వేసి, గర్భిణియని మునుల యెదుట నిలిపి, ఏమి కాన్పగునో చెప్పుడని యడుగుదురు. రోకలి పుట్టునని, అది మీ కులమును మ్రింగునని వారు శపింతురు. ఇంతవఱకు శాపకథయే, పురాణములందు శాపములకు కొదవ లేదు. దాని పిదప రాజు చేయు పనిలోనే యసలు సొగసున్నది. ఉగ్రసేనుడు ఆ రోకలిని పొడిచేయించి సముద్రమున కలిపించెను. ఊరిలో కల్లు కాచరాదని చాటింపు వేయించెను. కాచినవానికి బంధువులతో కూడ కొఱతయని దండనము విధించెను. ఒక ప్రభుత్వము చేయగల పనులన్నియు అతడు చేసెను. చాటింపు ముగిసినది, వృష్ణ్యంధకులు మరల తమ పనులలో పడిరి. సంస్కృత మౌసలమున ఉత్పాతవర్ణనము చూచినచో అది వీరపురుషుల ప్రళయము కాక గృహస్థుల ప్రళయమువలె నుండును. వీథులలో ఎలుకలు మెండయ్యెను. రాత్రి నిద్రించువారి గోళ్లను కేశములను కొఱికెను. గోరువంకలు రేయింబవళ్లు కిచకిచలు మానకుండెను. చక్కగ వండిన వంటలో పురుగులు కానబడెను. మేరువు కదలలేదు. వంటయింట పురుగు కనబడినది.

ప్రభాసతీర్థమునకు పోయినవారు నిషేధించిన మద్యమునే త్రాగి, పదునెనిమిది దినముల యుద్ధమునాటి పాతతప్పులను ఎత్తిపొడుచుకొనిరి. నిద్రించువారిని చంపితివని సాత్యకి కృతవర్మను దెప్పెను. చేయి తెగి ప్రాయోపవిష్టుడైన భూరిశ్రవసుని చంపినది నీవు కాదా యని కృతవర్మ బదులు చెప్పెను. ఇరువురు చెప్పినదియు నిజమే. పెండ్లిపందిరిలో వియ్యాలవారు తగవులాడినట్లు మొదలైన యీ మాటలు కులనాశముతో ముగిసెను. చేతికందిన తుంగపోచ రోకలియయ్యెను. తుది పర్వములను తెనిగించిన తిక్కన ఈ కథను క్లుప్తముగనే నడిపెను. కవిబ్రహ్మకు ఇచట వర్ణనముపై కోర్కి తక్కువ. చదువరి యాదవకుమారుల వేషమునకు మొదట నవ్వును. ఆ నవ్వే శాపమునకు మొదటి మెట్టని తెలియువేళకు తానును ఆ మూకలో నిలిచినవాడే యగును. హాస్యము భయానకమునకు పగ కాక మంత్రసానియగుట ఇచట స్పష్టము.

పురాణములు ప్రళయమును నాలుగు విధములుగ విభజించినవి: నైమిత్తికము, ప్రాకృతికము, ఆత్యంతికము, నిత్యము. వీనిలో నిత్యప్రళయము ప్రతిదినమును ప్రాణులకు కలుగు లయము. పండితులు దీనిని తఱచుగ ఒక్క వాక్యముతో దాటుదురు. ప్రళయహాస్యమునకు మాత్రము ఇదే కీలకము. సామాన్యునకు బ్రహ్మదేవుని పగలు ముగియుటకంటె బాకీ గడువు ముగియుట దగ్గఱి విషయము. లోకము రేపు మునుగునని విన్నవాడు, అట్లయినచో షాహుకారునకు ఈ నెల వడ్డి కట్టవలెనా మానవలెనా యని యోజించును. నైమిత్తికప్రళయము గుమ్మము ముందు నిలిచియుండగా నిత్యప్రళయము ఇంటిలోనుండి ఇంకను పిలుచుచుండును. ఈ రెండు పిలుపులు ఒక్కమాఱే వినబడుట వలన పుట్టు నవ్వు అజ్ఞానమును చూచి నవ్విన నవ్వు కాదు.

హైదరాబాదునందు ఈ విచారము పుస్తకములకే పరిమితమైనది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు పదునైదువేల జనమును పొట్టనబెట్టుకొనెను. ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతును ఆ వెల్లువలో కోలుపోయి, తానొక్కడు మిగిలెను. ఆయన దానిపై వ్రాసిన కావ్యమునకు ‘ఖయామతె సుగ్రా’ యని పేరు. చిన్న ప్రళయమని యర్థము. ఆ విశేషణము గమనింపదగినది. ఇల్లంతయు పోయినవాడు తన ప్రళయమును చిన్నదనుట, పెద్దది వేఱొకటి కలదని మతము చెప్పుటచేత గావచ్చును. తన దుఃఖమును లోకపు కొలబద్దతో కొలుచు నమ్రత యనుకొన్నను కావచ్చును. అఫ్జలుగంజునందలి చింతచెట్టొకటి నూటయేబది మందిని కొమ్మలలో నిలిపి కాపాడెనని ప్రసిద్ధి. నలువదేండ్లకు 1948లో ఇదే నగరము ఇంకొక విధముగ యుగాంతమును చూచెను; నెల్లూరి కేశవస్వామి ‘చార్మినార్’ సంపుటమునందలి ‘యుగాంతం’ కథకు అదియే విషయము. ఈ రెండు రచనలందును నవ్వునకు చోటు లేదు, ఉండవలసిన పనియు లేదు. వచ్చిన ప్రళయమును గూర్చి ఈ నగరము ఏడ్చినది. తెలుగుసాహిత్యము నవ్వినది రాని ప్రళయమును గూర్చి.

అట్టి రాని ప్రళయములలో మొదటిది 1910లో కానబడిన హాలీ తోకచుక్క. మే 18, 19 తేదీలలో భూమి దాని తోకగుండా పోవునని, ఆ తోకలో విషవాయువు కలదని ఐరోపా అమెరికాలలో పత్రికలు వ్రాసెను. అమెరికాలో తోకచుక్క మాత్రలని యమ్మి కొందఱు సొమ్ము చేసికొనిరి. మే 6న ఎడ్వర్డు చక్రవర్తి గతించెను. ధూమకేతువు రాజారిష్టమని సంహితలు చదివినవారికి ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? ఆ యేటి పేరు సాధారణ నామ సంవత్సరమగుట విధివిలాసము.

గురజాడ అప్పారావు ‘ముత్యాలసరములు’ ఆ యేటనే ఆంధ్రభారతియందు వెలువడెను. దాని భాషను గూర్చి, ఛందస్సును గూర్చి జరిగిన వాదములు అందఱు నెఱిగినవే. ఆ వాదముల హోరులో, ఆ గేయము ప్రళయభీతిపై నడచిన చిఱునవ్వని గుర్తించినవారు తక్కువ. జనులు అరిష్టమని వణకు తోకచుక్కను కవి భూమికి దూరపు చుట్టముగ చేసెను. డెబ్బదియాఱేండ్లకొకమాఱు దారిని పోవుచు చూచిపోవు బంధువట. కల్పన చిన్నది, చేసిన పని పెద్దది. శత్రువని తలుపు మూసికొనినవారికి చుట్టము వచ్చినాడు లేచి రండని చెప్పుటవంటిది. అంతటితో ఆగక కవి ఆ తోకను సంఘసంస్కరణయాత్రకు ముందు నడచు పతాకముగ తలచెను. సహపంక్తిభోజనమునుగూర్చి ఊరిలో లేచిన కలకలమునకును, ఆకాశమున లేచిన చుక్కకును ముడివేసి, వర్ణభేదములు మతభేదములు అంతరించు కాలమును ఊహించెను. అనగా అంతము వచ్చును. అంతరించునది మాత్రము లోకము కాదు, లోకములోని గోడలు.

ఈ గేయము గొప్పది. ప్రళయహాస్యముగ చూచినచో మాత్రము సగము దారిలో నిలిచినది. ఇందు కవికి భయము లేదు. శాస్త్రజ్ఞుల గణితమునందు విశ్వాసముంచినవాడు కావున తోకచుక్క హాని చేయదని అతడెఱుగును. ఎఱుగనివారు ఇంకను వణకుచున్నారు. ఆశ్రయములు వేఱుగనే నిలిచినవి. కందుకూరి వీరేశలింగము ప్రహసనములనుండి వచ్చిన సంస్కర్త నవ్వే యిది. కాకున్న కందుకూరి కొరడా ఇచట పూలమాలయైనది. ఉపహసితము స్మితముగ మాఱినది. అది తక్కువ మార్పు కాదు. దూరపు చుట్టమను మాటకు మఱొక యర్థము తరువాత హైదరాబాదునందు దొరకినది. లక్డీకాపూలు దాటి పంజగుట్ట మీదుగ అమీరుపేట వైపు పోవువారికి బేగంపేటయందు నిజామియా వేధశాల పాత కట్టడము దాపుననే యుండును. నవాబు జఫర్ జంగు 1901లో మొదలుపెట్టిన యీ వేధశాల ఆయన యనంతరము ప్రభుత్వము చేతికి వచ్చి, లోకమంతటి వేధశాలలు పంచుకొన్న నక్షత్రపటనిర్మాణమున తన వంతు పని నెఱవేర్చెను. ఇచట ఉద్యోగించిన ఖగోళజ్ఞుని కుమారుడు వేణు బాపు 1949లో హార్వర్డునందు చదువుచు ఒక క్రొత్త తోకచుక్కను కనుగొనెను. దానికి ఆయన పేరును, తోడిపరిశోధకులగు బాక్, న్యూకర్కుల పేళ్లును పెట్టబడినవి. గురజాడ చుట్టఱికము కలుపగా ముప్పదితొమ్మిదేండ్లకు ఇంటిపేరును కలిసినదన్న మాట. ఆ వేధశాల ప్రభుత్వము చేతికి వచ్చిన కాలముననే నగరమును ముంచినది ఆకాశము కాదు, ఏఱు.

గురజాడ చుట్టము ఏ హానియు చేయక వెడలిపోయినది. వెడలక, తలుపు తీసినవాని యింట నిలిచిపోయినచో ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పిన నవల చెక్ భాషయందు 1936లో వెలువడెను. కారెల్ చాపెక్ వ్రాసిన దానిపేరు ‘నీటిబల్లులతో యుద్ధము’ అని తెలుగున చెప్పవచ్చును. సుమత్రాకు చేరువ దీవియొకదానిలో, రెండు కాళ్లపై నిలువగల నీటిబల్లులవంటి ప్రాణులను వాన్ టోఖ్ అను నావికుడు కనుగొనును. ముత్యపుచిప్పలు తీయుటకు వానికి కత్తులిచ్చి నేర్పును. పెట్టుబడి కొఱకు ప్రాగు నగరమునకు వచ్చి బోండీ యను కోటీశ్వరుని యింటి తలుపు తట్టును. ఆ యింటి ద్వారపాలకుడు పోవొండ్రా. ఆగంతుకుని రూపము వాలకము అంత యింటికి తగినవి కావు, పొమ్మనవచ్చును. పోవొండ్రా కొంత తటపటాయించి లోనికి పంపును. తక్కిన ప్రపంచచరిత్రయంతయు ఆ తలుపునుండి నడచినది. ముత్యములు చవుకయైన పిదప ఆ ప్రాణులనే కూలీలుగ అమ్ముదురు. వానికి సముద్రపుటంచులు కట్టుట నేర్పుదురు. ప్రతిరాజ్యమును తన తీరమును కాచుకొనుటకై వాని చేతికి ఆయుధములిచ్చును. సంఖ్య పెరిగిన నీటిబల్లులకు లోతు తక్కువ నీరు చాలక, భూఖండముల అంచులను పేల్చి సముద్రముచేయ మొదలుపెట్టును. వాని నాయకుడు రేడియోలో మర్యాదగ, బొంగురు గొంతుతో, భూమిని ఖాళీచేయుడని మనుష్యులకు తెలుపును. మనుష్యులు సభలు చేయుదురు. నీటిబల్లుల పక్షమున సభలో వాదించువారును మనుష్యులగు న్యాయవాదులే.

నవలలో సగము పత్రికల కత్తిరింపులు, పరిశోధనవ్యాసములు, సభల తీర్మానములు, ప్రకటనలు. పరిశోధకసంఘములు ప్రకటించు వ్యాసములను ఇంత నిజముగ అనుకరించి ఎగతాళి చేసిన నవల వేఱొకటి దొరకుట కష్టము. పండితులు చదివినచో తమ యధోజ్ఞాపికల పోలికలు కనుగొని సిగ్గుపడుదురు. కథకు ప్రాణము మాత్రము ఈ పాండిత్యపుటెగతాళి కాదు, పోవొండ్రా. అతడు ఆ కత్తిరింపులను ఏండ్లతరబడి ప్రోగుచేయును; ఆ నావికుని లోనికి పంపినది తానే యను గర్వమతనికి. పిదప లోకము మునుగ మొదలిడగనే గర్వము నేరభావముగ మాఱును. చెక్ దేశమునకు సముద్రము లేదు, ఇచటికి రావు అని తనకు తాను చెప్పుకొనుచుండును. ముదిసిన పిదప ఒకనాడు కొడుకుతో కూడ వల్తావా నదియొడ్డున చేపలు పట్టుచు నీటిలో ఒక నల్లని తలను చూచును. ఆ నావికుని లోనికి పంపకుండ వలసినదని, అంతయు తన తప్పేయని అతడు తలపోయును. చదువరి ఇచట నవ్వలేడు, నవ్వకుండ నుండలేడు. కోటీశ్వరుడు చింతింపలేదు, రాజ్యములు చింతింపలేదు, ఆయుధములమ్మిన కంపెనీలు చింతింపలేదు. తలుపు తీసిన బంటు మాత్రము లోకనాశమునకు బాధ్యతను తన తల కెత్తుకొనెను. భయము, నవ్వు, జాలి మూడును ఒకే యాశ్రయమున దిగినవి. పగలైన రసముల నడుమ మూడవదానిని పెట్టుమన్న ఆనందవర్ధనుని యుపాయము ఇచట కరుణరూపమున పనిచేసెను. ఆ కరుణము శాస్త్రరీత్యా హాస్యమునకు రెండవ పగ యగుట వింత.

చాపెక్ 1938 డిసెంబరులో మరణించెను. మూడు నెలలకు జర్మనుసేన ప్రాగులో ప్రవేశించెను. నీటిలోని నల్లని తల కల్పన యని నవ్వినవారికి దానియర్థము తెలియుటకు మూడేండ్లు పట్టలేదు.

తెలుగునాట ప్రళయభీతికి మూలగ్రంథము పోతులూరి వీరబ్రహ్మముగారి కాలజ్ఞానము. దానిని భయముతో చదువువారెందఱో యున్నారు. నోటిమాటలో మాత్రము దాని గతి వేఱు. పల్లెలో కోడలు అత్తకెదురు చెప్పినను, మగవాడు వంట చేసినను, నీటిని వెలకు కొనవలసివచ్చినను, బ్రహ్మంగారు చెప్పినట్లే జరుగుచున్నదని పెదవి విఱుచుట కలదు. అనువాడు సగము నమ్మును, సగము నవ్వును. ఎంత నమ్మెనో ఎంత నవ్వెనో అతడే చెప్పలేడు. శాస్త్రము కలియవన్న రెండు రసములు ఒక్క వాక్యమున, ఒక్క నోట, ఏ ప్రయాసయు లేక ఇట్లు కలిసియున్నవి. నవలాకారులకు ఇంతకంటె ముడిసరకు వేఱేమి కావలెను? 1962 ఫిబ్రవరి 3 మొదలు 5 వఱకు మకరరాశియందు కేతువుతో కూడ ఎనిమిది గ్రహములు కూడినపుడు దేశమంతట హోమములు జరిగెను, ప్రయాణములు ఆగెను, లోకము నిలిచెను. ఆ నాలుగైదు నాళ్లను గూర్చి పంచాంగకర్తల వాదములు తప్ప చెప్పుకొనదగిన కథ రాలేదు.

1979 కథ దానికంటె దగ్గఱిది. డెబ్బదియేడు టన్నుల బరువుగల అమెరికావారి స్కైలాబ్ అదుపు తప్పి, ఎచట పడునో తెలియకుండ, జూలైలో క్రిందికి దిగుచుండెను. అది తమ నెత్తిపైననే పడునని తెలంగాణపు పల్లెలలో, ముఖ్యముగ కరీంనగరు ప్రాంతమున, జనులు నమ్మిరి. కోళ్లను మేకలను కోసికొని తినిరని, ఉన్నదంతయు ఖర్చుచేసిరని వయసు మీఱినవారు నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. ఈ వృత్తాంతమును తీసికొని విశ్వక్ ఖండేరావు ‘స్కైలాబ్’ అను చలచ్చిత్రమును 2021 డిసెంబరు 4న విడుదల చేసెను. బండలింగంపల్లి యను పల్లెయందు కథ. పత్రికలో పేరు చూచుకొనవలెనని తపించు జమీందారు కూతురు, ఊరిలో వైద్యశాల పెట్టి సొమ్ము చేసికొనజూచు వైద్యుడు, అప్పులపాలైన పెద్దింటి వారసుడు ముఖ్యపాత్రలు. నిత్యా మేనన్, సత్యదేవ్, రాహుల్ రామకృష్ణ వానిని ధరించిరి.

చిత్రమున పూర్వభాగము మందగతి. కొన్ని పాత్రలు అలంకారమునకే యున్నవి. అయినను మూలప్రశ్నకు ఈ కర్త ఇచ్చిన సమాధానము సరియైనది: ఇందు నవ్వబడువారు ఆకాశమును చూచి వెఱచు పల్లెజనులు కారు. చదువుకొన్న ముగ్గురు, తమ తమ చిన్న లెక్కలలో మునిగియుండి, పైనుండి వచ్చుదానిని తమ లాభనష్టముల పద్దులోనే వ్రాసికొనువారు. వారి బాకీ, వారి పరువు, వారి పేరు అను నిత్యప్రళయములు స్కైలాబుకంటె ముందుగనే ఊరిలో దిగియున్నవి. ఈ యొక్క చూపుచేత ఆ చిత్రము సంస్కర్త పరిహాసమునుండి ఒక మెట్టు పైకి వచ్చినది. స్కైలాబు సముద్రమున, ఆస్ట్రేలియా పడమటిభాగమున పడినదని ప్రేక్షకునకు ముందే తెలియును. కావున భయము చిత్రములోని వారికే మిగులవలసినది. కాని 2021 డిసెంబరునాటి ప్రేక్షకుడు ఆ యేటి ఏప్రిలు మే నెలలలో ప్రాణవాయువు కొఱకు ఆసుపత్రుల ముందు నిలిచినవాడు. కర్త తలచెనో లేదో గాని, కాలమే ఆశ్రయములను ఒకటి చేసినది.

1979 నాటి జనులను మూఢులని నవ్వువారు, నవ్వు విజ్ఞానవ్యాప్తికి సాధనమని వాదించువారు కలరు. సాహిత్యము భయమును పోగొట్టవలెననుట మంచిమాటయే. అయితే ఆ భయము ఎచటినుండి వచ్చినదో విచారింపక నవ్వుట పండితలక్షణము కాదు. స్కైలాబు పడుటకు ఇరువది నెలల ముందు, 1977 నవంబరు 19న, దివిసీమపై ఉప్పెన విఱుచుకొనిపడి పదివేలకు తక్కువగాని జనమును చంపెను. అంతకుముందు రాత్రి నిద్రించినవారిలో తెల్లవాఱి యిట్లగునని తలచినవా డొక్కడునులేడు. ఆ వార్త విన్న కరీంనగరు రైతు, పైనున్నవారు ప్రమాదము లేదని చెప్పిన మాటను నమ్మకుండుట మౌఢ్యము కాదు, అనుభవము. పంపినవారికే ఎచట పడునో తెలియని వస్తువును గూర్చి వెఱచుట గణితవిరుద్ధమును కాదు. చిత్రకర్త ఈ సంగతిని తాకలేదు. తాకినచో నవ్వునకు లోతు పెరిగియుండెడిది.

చిత్రము విడిచినది మఱొకటి కలదు. నవలకు మిగిలినదియు అదియే. భయము ముగ్గురి స్వార్థమును కరగించును, కథ మంగళముగ ముగియును. చలచ్చిత్రమునకు అది చాలును. స్కైలాబు పడినది జూలై 11న, భారత కాలమానమున రాత్రి పదిగంటలు దాటిన పిదప. సిద్ధార్థి ఆషాఢపూర్ణిమ గడచి రెండునాళ్లు; విత్తనములు పడవలసిన కాలము. మఱునాటి తెల్లవాఱుజామున పల్లె లేచినది. మేకలదొడ్డిలో మేక లేదు. గాదెలో విత్తులు తిన్నంత తిని కొంత మిగిలినది. చత్తుమను ధైర్యముతో అన్నను నోటికి వచ్చినట్లు తిట్టినవాడు అన్నతో కలిసి దుక్కికి పోవలెను. ఎన్నడును చెప్పరాని మాటను ఇంటిదానితో చెప్పినవాడు ఆమె పెట్టిన చల్దిని ఎదుట కూర్చుండి తినవలెను. షాహుకారు ఉదయముననే వచ్చి అరుగుపై కూర్చుండును. అతని చిట్టాలో ఒక్క పద్దును చెఱుగలేదు. ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్సు పురపాలకులు తమ నేలపై చెత్త పడవేసినందులకు అమెరికా అంతరిక్షసంస్థపై నాలుగువందల డాలర్ల జుల్మానా విధించిరి. బండలింగంపల్లివంటి ఊరిలో అట్టి పద్దు వ్రాయదగినవాడెవడు, ఎవనిపై వ్రాయవలెను, మేకకు వెల యెంత? చాపెక్ చేతికి దొరకినచో ఈ మూడు ప్రశ్నలపై మూడు ప్రకరణములు, నడుమ ఒక తహసీలుదారు ఉత్తరము, ఒక పండితుని వ్యాసము వ్రాసియుండును.